వాంబాట్ల గోలీ శౌరయ్య

మా తాతయ్య శౌరయ్య ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆటగాడు. ఈ మాట ఎక్కడ చెప్పినా ముందు నవ్వుతారు, తరువాత నా మొహం చూసి ఆగుతారు, ఆ తరువాత తాతయ్యను చూసి మళ్లీ నవ్వుతారు. వాళ్ల తప్పేం లేదు. పొట్టి మనిషి. పొట్ట ముందు నడుస్తుంటే ఆయన వెనకాల నడుస్తాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు గిన్నెను అరగంట ఎండలో పెట్టి గానీ ముట్టడు, పళ్లు జివ్వుమంటాయట. అలాంటి మనిషి 1990 చలికాలమంతా సిడ్నీలో ఐసు మీద నిలబడి, మొహానికి బోను తగిలించుకుని, తుపాకీ గుండులా వచ్చే రబ్బరు బిళ్లలకు అడ్డం పడ్డాడు. అందుకు ప్రతిఫలం కూడా పుచ్చుకున్నాడు. ప్రతిఫలం పుచ్చుకుని ఆడేవాణ్ణే ప్రొఫెషనల్ అంటారు. ఆ ప్రతిఫలం ఏమిటన్నది వేరే సంగతి. దానికే వస్తున్నాను.

ఇందులో సగం మా అమ్మ కరోలిన్ చెప్పింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. అన్నీ చూసింది, చూడకూడనివి మరీ బాగా చూసింది. పావు వంతు మా అమ్మమ్మ అమృతం చెప్పింది. మిగతా పావు వంతు తాతయ్య "అదేం లేదు" అన్నది. ఆ మాట అబద్ధంగా అనేటప్పుడు ఆయన చెవులు కదులుతాయి. చెవులు కదిలినవన్నీ నిజాల కింద రాసుకున్నాను.

తాతయ్యది గుంటూరు దగ్గర ఆర్.సి.ఎం., అంటే క్యాథలిక్ కుటుంబం. చదివింది ఫాదర్ల బడి. అక్కడ ఆయన్ని రోజూ మోకాళ్ల మీద ఉంచేవారు, సగం సేపు ప్రార్థనకు, సగం సేపు అల్లరికి. అమ్మమ్మది రేపల్లె, లూథరన్లు. వాళ్ల ప్రార్థన పద్ధతి వేరు. ఎవరో ఒకరు గొంతు సవరించుకుని "ప్రార్థన చేసుకుందాం" అంటారు. ఆ మాట చెవిన పడగానే ఎక్కడి వాళ్లక్కడ తల వంచి కళ్లు మూసుకోవాలి. చేసేవాళ్లు తోచినంతసేపు చేస్తారు. "ఆమెన్" అనే దాకా కళ్లు తెరవకూడదు. పిల్లలు తెరిస్తే తొడపాశం పెడతారు. పెద్దవాళ్లు తెరిస్తే ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే చూసినవాడు కూడా తెరిచినట్టే కదా.

పెళ్లిచూపుల నాడు భోజనాల ముందు మా ముత్తాత అలాంటి ప్రార్థనే ఒకటి ఎత్తుకున్నాడు. అది సాగుతుండగా పిల్లి వచ్చి తాతయ్య విస్తట్లో చేపముక్క నోట కరుచుకుని, అక్కడే కూర్చుని, ముల్లుతో సహా నమిలి, మూతి తుడుచుకుని వెళ్లింది. తాతయ్య కళ్లు తెరవలేదు. ఇంత నిష్ఠ ఉన్న మనిషి వేరే దొరకడని అమ్మమ్మ ఆ క్షణంలోనే ఒప్పుకుంది. ఆమె ఇదంతా ఎలా చూసిందని ఈనాటి వరకు ఎవరూ అడగలేదు.

ఆ విధంగా తాతయ్యకు క్యాథలిక్ మోకాళ్లు, లూథరన్ కళ్లు ఏర్పడ్డాయి. గోలీగా, అంటే గోలు కాసేవాడిగా, ఆయన పైకి రావడానికి మోకాళ్లు కారణం. తరువాత జరిగినదానికి కళ్లు కారణం.

అమ్మమ్మ నర్సు. పారమట్టాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో 1987లో ముగ్గురూ సిడ్నీ వచ్చి గిరావీన్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తాతయ్య గుంటూరులో లారీ ఆఫీసు గుమాస్తా. ఇక్కడ లారీలున్నాయి గానీ వాటికి గుమాస్తాలు అక్కర్లేదు. చివరికి పారమట్టా దాటాక పెద్ద రోడ్డు పక్కనున్న ఒక ఐస్ రింకులో పని దొరికింది. జనం స్కేట్లతో గీకి గీకి పాడుచేసిన ఐసు మీద వేణ్నీళ్లు పరిచి నునుపు చేసే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని నడపడం ఆయన పని. మన ఆడవాళ్లు వాకిలి అలికినట్టే. తాతయ్య దానికి "ఐసు అలికే బండి" అని పేరు పెట్టాడు. అది మనిషి నడిచేంత వేగంతో పోతుంది. ఆ వేగం ఆయనకు సరిపోయింది. కారు మాత్రం ఈనాటి వరకు నేర్చుకోలేదు, మరీ తొందరపడుతుందని.

ఇక ఫెలోషిప్ గురించి చెప్పాలి. ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు పదికి లోపే. వాళ్లందర్నీ పోగేసింది జ్ఞానప్రసూన ఆంటీ. ఆవిడా నర్సే, అమ్మమ్మకు సీనియర్. వార్డు ఈ చివర నిలబడి ఆ చివర రోగిని నిద్ర లేపగల గొంతు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కారు గరాజులో ఆరాధన. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే ముందు పిల్లల పరీక్షలు, తరువాత పెద్దల వీసాలు, తరువాత ఒంగోలులో ఎవరిదో మోకాలి ఆపరేషను, ఆ తరువాత అన్ని దేశాల పాలకులు వరసగా వచ్చేవారు. అమ్మమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి వెళ్లేది కాదు.

ఆ సభలో తాతయ్య హోదా ఏమిటంటే, కుర్చీలు వేసేవాడు. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. "అమృతమ్మ గారి హస్బెండ్" అనేవారు. "అమృతమ్మ గారి హస్బెండ్ వచ్చారా? అయితే కుర్చీలు వచ్చినట్టే." అందరూ నర్సులు, అకౌంటెంట్లు, లాబ్ టెక్నీషియన్లు. ఐసు అలికేవాడు ఆయనొక్కడే.

1990 ఆరంభంలో గరాజుకు ఎసరొచ్చింది. డోలక్ మోగినప్పుడల్లా పక్కింటి కుక్క ఊళపెట్టేది. కుక్క ఊళపెడితే పక్కింటాయన గోడ మీద నుంచి తల పెట్టేవాడు. కొన్నాళ్లు సారీ చెప్పారు, కొన్నాళ్లు డోలక్ మీద తువ్వాలు కప్పారు. చివరికి ఆయన కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాడు. తాతయ్య భయపడుతూనే తన రింకు మేనేజరు దగ్గరికి వెళ్లి, పై అంతస్తులో పిల్లల పుట్టినరోజులకిచ్చే గదిని ఒక్క ఆదివారానికి ఇవ్వమని అడిగాడు.

ఆ మేనేజరు పేరు మార్క్. కెనడాలో పుట్టి, ఆస్ట్రేలియా ఎండకు తట్టుకోలేక ఐసును వెతుక్కుంటూ వచ్చి రింకులో స్థిరపడ్డవాడు. రింకుకున్న వాంబాట్స్ అనే హాకీ జట్టుకు కోచ్ కూడా అతనే. వాంబాట్ అంటే పందిపిల్లకూ ఎలుగుబంటికీ మధ్యస్థంగా ఉండే ఇక్కడి జంతువు. జట్టు ఆట కూడా మధ్యస్థంగానే ఉండేది.

ఆ ఆదివారం గది టైము అయిపోయిందని చెప్పడానికి మార్క్ తలుపు తీశాడు. లోపల కార్పెట్ మీద అందరూ మోకరించి ఉన్నారు. ప్రసూన ఆంటీ దేశాల పాలకుల దగ్గరికి వచ్చింది. మార్క్ మర్యాదగా గుమ్మంలోనే నిలబడ్డాడు. అకౌంటెంట్లు ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. లాబ్ టెక్నీషియన్లు మెల్లిగా మడమల మీద కూర్చుండిపోయారు. ఒక్క మనిషి మాత్రం గుంజ పాతినట్టున్నాడు.

ఆమెన్ అయ్యాక మార్క్ ఆయన్ని పక్కకు పిలిచాడు. మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా తాతయ్య చెప్పేది తెలుగులో కాబట్టి అలాగే రాస్తున్నాను.

"షోరీ, నీకు మోకాళ్లు నొప్పి పుట్టవా?"

"పుడతాయి."

"మరి కదలవేం?"

"ప్రార్థన అవలేదుగా."

మార్క్ కాసేపు ఆ మోకాళ్ల వంక చూశాడు. వాంబాట్ల గోలీకి అంతకు ముందు వారమే భుజం ఎముక జారింది. రెండో గోలీ లేడు. ఆ రోజుల్లో గోలీలు చాలామంది నిలబడి ఆడేవారు. మోకాళ్ల మీద పడితే గోలు కింది సగమంతా మూసుకుపోతుందని, ఎక్కువ బిళ్లలు అక్కడికే వస్తాయని మార్క్ నమ్మకం. పడడానికి ఎవరి మోకాళ్లూ ఒప్పుకునేవి కావు.

"గోల్లో నిలబడతావా?"

"నాకు ఐసు మీద నడవడం రాదు."

"మూడేళ్లుగా దాని మీదే తిరుగుతున్నావు గదా."

"తిరిగేది బండండీ. నేను దాని మీద కూర్చుంటాను."

"గోలీ తిరగక్కర్లేదు. ఉంటే చాలు. నువ్వు గోల్లో ఉన్నన్నాళ్లు ప్రతి ఆదివారం ఈ గది మీవాళ్లది. పైసా ఇవ్వక్కర్లేదు. నీకు మ్యాచికొక మీట్ పై."

అదీ మా తాతయ్య ప్రొఫెషనల్ కాంట్రాక్టు. ఒక గది, ఒక మీట్ పై, అంటే మాంసం కూరి కాల్చిన కజ్జికాయ లాంటిది.

ఇంట్లో అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఆదివారం పూట ఆటలేందండీ? అదీ ఈ వయసులో, కాళ్లకు దెబ్బలు తగలకుండా ఆ పరుపులు కట్టుకుని."

విషయం ఫెలోషిప్ ముందుకు వెళ్లింది. ప్రసూన ఆంటీ ముందుగా ఆ గది గోడలు తట్టి చూసింది. డోలక్ ఒకసారి గట్టిగా కొట్టించి, కుక్క ఏదీ అరవకపోవడం విన్నది. తరువాత తీర్పు చెప్పింది.

"అది ఆట కాదమ్మా అమృతం. సేవ. బ్రదర్ శౌరయ్య గారు మన మందిరానికి ద్వారపాలకుడు. ఏం బ్రదర్?"

ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. తాతయ్య ఏం చెబుతాడు? మందిరం కోసం కాకపోయినా ఆ పిలుపు కోసం ఒప్పుకునేవాడు. ఇది నా మాట కాదు, ఆయన చెవులు చెప్పాయి.

మొదటి మ్యాచికి ఇద్దరు వాంబాట్లు చెరొక మోచెయ్యి పట్టుకుని ఆయన్ని పెళ్లికొడుకును పీటల మీదికి తెచ్చినట్టు గోలు దాకా తెచ్చి నిలబెట్టారు. అవతలి జట్టు నవ్వింది. చూడ్డానికొచ్చినవాళ్లు నవ్వారు. ఐసు చుట్టూ ఉండే అద్దం గోడ వెనక నుంచి మా అమ్మ "మమ్, దే ఆర్ లాఫింగ్ ఎట్ డాడ్" అంది. "మన తెలుగు పెళ్లిళ్లలో కూడా నవ్వుతారులే, చూడు" అంది అమ్మమ్మ.

తాతయ్య ఆట పద్ధతి చాలా సులువు. బిళ్ల ఎటు పోతుందో చూసేవాడు కాదు. తన వైపు ఎవరైనా కర్ర ఎత్తితే చాలు, దభీమని మోకాళ్ల మీద పడేవాడు. పడ్డాక లేచేవాడు కాదు. ఆయన బిళ్లను ఆపేవాడనడం కన్నా, బిళ్లలు వచ్చి ఆయనకు తగిలేవనడం న్యాయం. అయినా స్కోరు రాసేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు. వాంబాట్లు ఆ మ్యాచి గెలిచారు. దాని తరువాతది ఓడినా తక్కువ గోల్స్ తేడాతో ఓడారు. ఇక్కడి నడి చలికాలం, జూలై వచ్చేసరికి ఊళ్లో పిల్లలు "షోరీ, షోరీ" అని అద్దం మీద బాదడం మొదలుపెట్టారు.

ఇంట్లో వేరే ఆట నడిచేది. ఒళ్లంతా బిళ్ల సైజులో గుండ్రటి నల్లమచ్చలు. అమ్మమ్మ డ్యూటీ దిగి వచ్చి గుడ్డలో ఐసుముక్కలు చుట్టి వాటి మీద పెట్టేది.

"ఐసు మీదికి పోయి తెచ్చుకున్న దెబ్బకు ఐసేంటే?" అనేవాడు తాతయ్య.

"నోర్మూసుకుని తిరగండి. వీపు మీద కూడా ఉందేంటి? వీపు చూపించి కూడా ఆపుతున్నారా?"

"అప్పుడు లేవడం కుదర్లేదు."

ఫెలోషిప్‌లో మాత్రం ఆయన వైభవం చూడాలి. ఆరాధన రెండింటికి, ఆట నాలుగింటికి. మధ్యలో కట్టుకునే టైము చాలదని తాతయ్య కాళ్లకు ఆ పరుపులు కట్టుకునే ప్రార్థనకు వచ్చేవాడు. గది నిండా జనం గట్టి కార్పెట్ మీద మోకాళ్లు నలుపుకుంటుంటే ఆయనొక్కడు పట్టుపరుపు మీద ఉన్నట్టు ఉండేవాడు. "బ్రదర్, ఆ పరుపులు మాకూ ఒక జత ఇప్పించండి" అని అకౌంటెంట్లు బతిమాలేవారు. కుర్చీలు వేసే పని ఇంకొకరికి వెళ్లింది. తాతయ్యకు ముందు వరసలో ఒక కుర్చీ ఏర్పడింది. "శౌరయ్య గారు రానివ్వండి, మొదలుపెడదాం" అనేవారు. ఆలస్యం అవ్వాల్సిన పని లేకపోయినా తాతయ్య కాస్త ఆలస్యంగా వచ్చేవాడు.

సెప్టెంబరులో చివరి మ్యాచి. ఉత్తరాన్నుంచి వచ్చే గట్టి జట్టుతో. మార్క్ ముందు రోజు తాతయ్యను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. గెలిస్తే జట్టు పై డివిజన్‌లో ఉంటుంది. గెలవకపోతే కిందికి పోతుంది. కిందికి పోతే రింకు యజమాని జట్టును ఎత్తేసి, ఆదివారాలు మొత్తం పుట్టినరోజులకు ఇచ్చేస్తానన్నాడు.

"అంటే గది?"

"గది కూడా, షోరీ."

తాతయ్య ఆ మాట ఫెలోషిప్‌కు చేరవేశాడు. ఆ ఆదివారం ఆరాధన తొందరగా ముగించి అందరూ కిందికి దిగారు. స్వెట్టర్ల మీద శాలువాలు, శాలువాల మీద కోట్లు, డోలక్ కూడా. తాతయ్య గోలు వెనక అద్దాన్ని ఆనుకుని వరసగా నిలబడ్డారు. అంతకు ముందెప్పుడూ వాళ్లు ఆట చూడలేదు. ఆయన ఆడుతుంటే వీళ్లు పైన టీ తాగుతూ ఉండేవారు.

ఆ రోజు తాతయ్య తన జన్మలో లేనంత బాగా ఆడాడు. ఇది ఎగతాళికి రాయడం లేదు. మా అమ్మ ఇప్పటికీ చేతులు తిప్పి చూపిస్తుంది. ఒక బిళ్ల ఎడమ పరుపు మీద, ఒకటి కుడి పరుపు మీద, ఒకటి పొట్ట మీద. ఆ పొట్ట అంతవరకు ఎవరికీ పనికి రాలేదు. వాంబాట్లు ఒక్క గోలు ముందున్నారు. ఆట ఇంకా రెండు నిమిషాలు ఉంది.

అవతలి జట్టంతా తాతయ్య మీదికి వచ్చిపడింది. కర్రలు కర్రలకు తగులుతున్నాయి. ఫెలోషిప్‌లో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. "ఇంకెంతసేపే కరోలిన్?" అంది ప్రసూన ఆంటీ.

"టూ మినిట్స్, ఆంటీ."

రెండు నిమిషాల్లో ఆవిడ ప్రార్థన పిల్లల పరీక్షలు కూడా దాటదు. అయినా గది పోతుందంటే ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడగలదా? గొంతు సవరించుకుంది.

"ప్రార్థన చేసుకుందాం."

అద్దం అడ్డం ఉన్నా ఆ గొంతుకు లెక్కేమిటి? అద్దం మీద నుంచి దూకి ఐసంతా నిండింది. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అన్నది పూర్తయ్యేసరికి తాతయ్య మోకాళ్ల మీద ఉన్నాడు. తల వంచాడు. కళ్లు మూసుకున్నాడు. చేయాలనుకుని చేసింది కాదు. ఆ మాట పడితే ఆ మోకాళ్లకు, ఆ కళ్లకు ఇంకో పని తెలియదు.

ఫెలోషిప్ మొత్తం కళ్లు మూసుకుంది. పెళ్లిచూపుల నాడు తెరుచుకున్న అమ్మమ్మ కళ్లు కూడా ఆ రోజు గట్టిగా మూతపడ్డాయి. కాబట్టి తరువాత జరిగింది చూసిన తెలుగు మనిషి మా అమ్మ ఒక్కతే.

మొదటి బిళ్ల వచ్చి వంచిన తల మీది బోనుకు టంగుమని కొట్టుకుని పక్కకు పోయింది. జనం కేకలు పెట్టారు. "బ్యూటీ, షోరీ!" అని మార్క్ అరిచాడు. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాడు పాపం. కేకలు విని ప్రసూన ఆంటీ తన ప్రార్థన పనిచేస్తోందనుకుని గొంతు పెంచింది. రెండో బిళ్ల పరుపుకు తగిలింది. మళ్లీ కేకలు. ఆంటీ పరీక్షల నుంచి వీసాలకు వచ్చింది.

మూడోసారి అవతలి జట్టు కుర్రాడొకడు బిళ్ల తీసుకుని నేరుగా గోలు ముందుకొచ్చాడు. తాతయ్య కదల్లేదు. ఆ కుర్రాడికి అనుమానం వచ్చి ఆగాడు. వంగి చూశాడు. మనిషి బతికే ఉన్నాడా లేదా అన్నట్టు ఇంకాస్త వంగి చూశాడు. ఆ తరువాత చంటిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు, బిళ్లను మెల్లగా పక్క నుంచి గోల్లోకి తోశాడు.

"డాడ్! ఓపెన్!" అని మా అమ్మ అరిచింది. అమ్మమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి సరిగ్గా తొడ మీద పాశం పెట్టింది.

రిఫరీ వచ్చి తాతయ్య భుజం తట్టి, దెబ్బ తగిలిందా అని అడిగాడు. తాతయ్య ఒక వేలు ఎత్తి, ఆగమన్నట్టు చూపించాడు.

ఆమెన్ వచ్చేసరికి స్కోరు సమానంగా ఉంది. ఇంకొక గోలు కొట్టే టైము ఎవరికీ లేదు. భోంయ్‌మని హారను మోగింది. గెలవలేదు కాబట్టి జట్టు పోయింది. జట్టుతో గది పోయింది. ఫెలోషిప్ మాత్రం కళ్లు తెరిచి, ఇంత అరిచారు గదా గెలిచే ఉంటామని చప్పట్లు కొట్టింది. ఎవరూ తిరిగి కొట్టకపోయేసరికి ఆగింది.

గుడ్డలు మార్చుకునే గదిలో మార్క్ వచ్చి తాతయ్య పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"కళ్లు మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

"తెరవొచ్చుగా?"

"ఆమెన్ అనలేదు."

మార్క్ నెత్తి మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మామూలుగా ఎంతసేపు చేస్తుంది ఆవిడ?"

"ఇవాళ తొందరగానే ముగించింది."

మార్క్ లేచి వెళ్లి మీట్ పై తెచ్చిచ్చాడు. కాంట్రాక్టు ప్రకారం ఆడినందుకే గదా, గెలిచినందుకు కాదు. బోను కూడా ఉంచుకోమన్నాడు. అది ఇప్పటికీ, మేమిప్పుడు ఉంటున్న క్రాన్‌బర్న్‌లో, మా వంటింట్లో ఉంది. చేపలు వేయించేటప్పుడు నూనె చిందకుండా తాతయ్య అదే పెట్టుకుంటాడు.

బయట మెట్ల దగ్గర ఫెలోషిప్ మొత్తం ఎదురుచూస్తోంది. "ఏమైంది బ్రదర్?" అంది ప్రసూన ఆంటీ. అందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. ముందు వరసలో కుర్చీ వేసి పేరు పెట్టి పిలిచినవాళ్లు.

"కాలు జారింది" అన్నాడు తాతయ్య.

"ఐసు గదా" అన్నారెవరో.

"నాదే పొరపాటు" అంది ప్రసూన ఆంటీ. తాతయ్య ఉలిక్కిపడ్డాడు. "ఇంకాస్త ఎక్కువ ప్రార్థించాల్సింది."

తాతయ్య చేతిలోని మీట్ పై మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

కారు అమ్మమ్మ నడుపుతోంది. గిరావీన్ దగ్గర పడ్డాక అడిగింది, "నిజంగా కాలు జారిందా?"

వెనక సీట్లోంచి మా అమ్మ తొడ రుద్దుకుంటూ "నో, మమ్. హీ వాజ్ ప్రేయింగ్" అంది. జరిగిందంతా చెప్పింది.

అమ్మమ్మ కారు పక్కకు తీసి ఆపింది. "అందరి ముందూ చెప్పొచ్చుగా."

"చెబితే?"

"గది పోయింది మీ వల్ల కాదని తెలిసేది."

"ఎవరి వల్లో కూడా తెలిసేది గదా." తాతయ్య ఒళ్లో బోనును అటూ ఇటూ తిప్పాడు. "ఊరుగాని ఊళ్లో మనందర్నీ వెతికి తెచ్చి కూర్చోబెట్టిన మనిషి. తన ప్రార్థన వల్లే పోయిందంటే ఇక నోరు విప్పదే అమృతం."

"విప్పకపోతే ఆదివారం వేడన్నం తినేవాళ్లం" అంది అమ్మమ్మ. కానీ కారు స్టార్టు చేసే ముందు ఆయన మోకాలి మీద చెయ్యి వేసిందట. దెబ్బ ఎంత వాచిందో చూడ్డానికేనంటుంది. నర్సు గదా.

తరువాతి ఆదివారం మళ్లీ గరాజు. డోలక్ మీద మళ్లీ తువ్వాలు. తాతయ్య అందరికన్నా ముందు వచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలు వేశాడు. చేతిలో కుర్చీతో వంగి ఉంటే ఒక అకౌంటెంటు బ్రదర్ భుజం తట్టాడు. "జాగ్రత్త బ్రదర్, ఇక్కడ గచ్చు జారదు గదా?" నలుగురు నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. "మన అమృతమ్మ గారి హస్బెండ్ ఆ రోజు కాస్త చూసుకుని నిలబడి ఉంటేనా" అని ఒకావిడ వినపడేలాగే అంది.

ప్రసూన ఆంటీ ఆ మాట విన్నది. తాతయ్య వంక చూసింది. ఆయన చెవులు కదులుతున్నాయి. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా రోగుల అబద్ధాలు విన్న మనిషి. మా అమ్మను చెయ్యి పట్టుకుని గరాజు బయటికి తీసుకెళ్లింది.

"ప్రార్థనలో నువ్వు కళ్లు మూసుకోవని నాకు తెలుసు. తొడపాశం పెట్టనులే, చెప్పు. ఆ రోజు ఏమైంది?"

మా అమ్మ "యూ హ్యాపెన్డ్, ఆంటీ" అంది.

ఆంటీ లోపలికి వచ్చి తన చోట నిలబడింది. గొంతు సవరించుకుంది. అది కూడా మెల్లగానే. "ప్రార్థన చేసుకుందాం." అందరూ మోకాళ్ల మీదికి దిగి, అలవాటు కొద్దీ గంట సేపటికి సరిపడా సర్దుకున్నారు. ఆవిడ పిల్లల గురించి ఒక మాట, పెద్దల గురించి ఒక మాట, చూపులేని తన లాంటివాళ్లకు చూపివ్వమని ఒక మాట అంది. ఆమెన్ అనేసింది.

ఒకరి తరువాత ఒకరు కళ్లు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆంటీకి ఒంట్లో బాగాలేదేమోననుకున్నారు. పక్కింటి కుక్క సైతం మొదలుపెట్టబోయి ఆగిపోయింది.

తాతయ్య మాత్రం లేవలేదు. గచ్చు మీద, పరుపులు లేని ఆ పాత మోకాళ్ల మీద, తల వంచుకుని, కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు. ప్రసూన ఆంటీ వచ్చి ఆయన భుజం తట్టింది.

"అయిపోయింది, శౌరయ్య గారూ."

"అప్పుడేనా?"

"అప్పుడే. ఆమెన్ కూడా అన్నాను. లేవండి."

తాతయ్య ముందు ఒక కన్ను తెరిచి చూశాడు. అందరూ నిలబడి ఉన్నారు. రెండో కన్ను కూడా తెరిచి, లేచి, అలవాటుగా దగ్గర్లో ఉన్న కుర్చీ మడవబోయాడు. ఆంటీ ఆ కుర్చీ ఆయన చేతిలోంచి తీసుకుంది. తీసుకెళ్లి ముందు వరసలో వేసింది.

"మీరు కూర్చోండి" అంది. "మడిచేవాళ్లు మడుస్తారు." అని గచ్చు జారదన్న అకౌంటెంటు బ్రదర్ వంక చూసింది.

తాతయ్య కూర్చున్నాడు.